మెదడులోని పందిళ్లు

మొన్న ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె నాలుగేండ్ల కుమారునకు మూర్ఛలు వచ్చుచున్నవట. వచ్చినపుడెల్ల ఇంటివారు వాని చేత తాళపుచెవుల గుత్తి పెట్టుదురట. పిమ్మట తల్లిని చూచి “ఏనాటి పాపమో” యందురట. రక్తము పరీక్ష చేయించిన వైద్యుడు మాత్రము, బిడ్డ మెదడులో పందిరివంటి మాంసకృత్తు ఒకటి సరిగా కుదురలేదని చెప్పెనట. “ఇది నిజమా, నన్నోదార్చుటకు చెప్పిన మాటయా?” యని ఆమె యడిగినది. నిజమే. ఈ మాసము మేమా పందిళ్లను గూర్చియే వ్రాయుచున్నాము.

మెదడులో రమారమి 8,600 కోట్ల నాడీకణములు కలవు. అవి కలిసెడు కూడళ్లలో సయితము చాలవఱకు ఒకదానినొకటి తాకవు. వెండ్రుక మందములో ఏ నాలుగువేలవ వంతో యగు సన్నని సందు నడుమ నుండును. ఇట్టి కూడలికే సినాప్సు అని పేరు. ఒక కణము విడిచిన రసాయనము ఈ సందు దాటి రెండవ కణమును చేరును. గ్లుటమేటు చేరినచో ఆ కణము రేగును. గాబా చేరినచో అణగును. వీనిని పట్టుకొనుటకు కణపు పైపొరయందు గ్రాహకములున్నవి. చిక్కేమనగా, ఆ పొర నూనెవంటిది. గ్రాహకములు దానిలో నిలువక జారిపోవుచుండును. వానిని సందునకు ఎదురుగా పట్టి నిలుపునవే యీ మాంసకృత్తులు. పెరటిలోని బీరపాదును తలచుకొనుడు. పందిరి లేనిచో తీగ నేలపై ఎటో ప్రాకిపోవును గదా!

రేపెడు కూడళ్లలో పి.ఎస్.డి.-95, షాంక్-3 మొదలగునవి పందిరి వేయును. అణచెడు కూడళ్లలో ఆ పని గెఫిరినుది; గ్రీకు భాషలో వంతెనకు గల పదమునుండి దీనికా పేరు వచ్చినది.

ఈ పందిళ్లు ఒకసారి వేసి విడిచినవి కావు. 1998లో అమెరికాలో జీనా టురిజియానో యను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఎలుకల నాడీకణములను గాజుపళ్లెములలో పెంచి పరీక్షించిరి. గాబా పని నడ్డగింపగా కణములు మొదట చెలరేగినవి గాని, రెండు దినములలో తామే తగ్గి ఇంచుమించు పూర్వస్థితికి వచ్చినవి. నోరు మూయించిన కణములో, గ్లుటమేటును అందుకొను శక్తిని పెంచుకొన్నవి. ఈ సర్దుబాటులో పందిళ్లకు పెద్ద పాలు కలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

షాంక్-3 సంగతి మఱింత వింత. దీని జన్యువు రెండు ప్రతులలో ఒకటి లోపించిన పిల్లలకు మాటలు ఆలస్యమగును, లేదా రానేరావు. కొందఱికి మూర్ఛలును వచ్చును. కొఱత కీడైనచో అధికము మేలు కావలెను గదా? 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో షాంక్-3 అధికముగా గల చిట్టెలుకలు ఊరక పరుగులు తీసినవి. వానికిని మూర్ఛలే వచ్చినవి. మన పులుసులో ఉప్పునకు కూడ ఇంతకంటె వెసులుబాటు కలదు.

మూర్ఛలన్నిటికిని ఇదియే కారణమని సోదరీమణులు తలపరాదు. తలకు దెబ్బ తగులుటవలనను, మెదడులో నాటుకొనిన బద్దెపురుగు తిత్తులవలనను మన దేశమున ననేకులకు వచ్చుచున్నవి. ఇక షాంక్-3 లోపము పెక్కుమార్లు తల్లిదండ్రులెవరియందును లేక బిడ్డయందే క్రొత్తగా పుట్టును. గర్భిణిగా నున్నపుడు తల్లి తిన్నదియు, చూచినదియు, విడిచిన నోమును దీనికి కారణములు కావు. ఆ యింటి పెద్దలకు ఈ వాక్యమును చదివి వినిపింపవలసినదిగా ఆమెను కోరుచున్నాము.

తాళపుచెవుల మాట కూడ చెప్పవలెను. మూర్ఛ చాలవఱకు ఒకటి రెండు నిమిషములలో తనంతట తానే నిలుచును. ఆ గొప్ప ఇనుమునకు దక్కినది. బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, మెడ చుట్టు బిగువు సడలించి, గడియారము చూడవలెను. నోటిలో చెంచా, నీళ్లు, మందు ఏదియు పెట్టరాదు. అయిదు నిమిషములు దాటినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బాగున్నాడు గదా యని వైద్యుని యడుగక మందు మానిపింపరాదు. ముక్కులో కొట్టు మిడజోలాము మందును ఇంట నుంచుకొనవచ్చునా యని కూడ అడిగి తెలిసికొనుడు. అది పనిచేయునది గాబా గ్రాహకములపైననే.