చేతి జ్ఞాపకమునకు గంటల లెక్క కలదా?

చెరువులో మోకాటిలోతున నిలిచి విసురువల వేయువానిని గట్టుమీదినుండి చూచువారికి ఆ పని మిక్కిలి సులభముగా తోచును. నడుము ఒకమారు తిరుగును. చేతులు వలను విడుచును. వల గొడుగువలె విచ్చుకొని నీటిపై గుండ్రముగా పడును. అదే వలను చూచినవాని చేతికిచ్చినచో ముద్దగా పడును. ఇద్దరి భుజబలములోను భేదము లేకపోవచ్చును. వల ఒక్కటే, నీరు ఒక్కటే. భేదమెల్ల చేతి జ్ఞాపకములో ఉన్నది. అట్టి జ్ఞాపకము కలుగుటకు ఎంత అభ్యాసము కావలెనను ప్రశ్నను చెరువుగట్టున ఎవరును వేయరు. తండ్రి ప్రక్కన నిలిచి కొడుకు వేయును. తప్పినప్పుడు తండ్రి చెప్పును. కొన్నాళ్లకు వల విచ్చుకొనును. ఆ ప్రశ్న వేయువారు నేడు వేరొకచోట ఉన్నారు.

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదునకు పడమట క్రొత్త నగరమొకటి పెరిగినది. కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో అద్దాల మేడల నడుమ, రేకుల కప్పుల క్రింద, బాడ్మింటన్ కోర్టులు గంటకింత అద్దెకు దొరకుచున్నవి. తెల్లవారుజామున తలిదండ్రులు పిల్లలను అచట దింపిపోవుదురు. ఆదివారములందు ముప్పది, నలువది యేండ్ల ఇంజనీర్లు తామే రాకెట్టు పట్టుదురు. వీరి వృత్తిలో ఏ పనికైనను ఇన్ని గంటలని ముందుగా అంచనా కట్టుట వాడుక. కావున శిక్షకుని చూడగనే, "స్మాష్ చేతికి పట్టుబడుటకు ఎన్ని గంటలు పట్టునండీ?" అని అడుగుదురు. అతడు తడబడినచో, "పదివేల గంటలట కదా!" అని సమాధానమును తామే చెప్పుకొందురు.

ఈ పదివేల గంటల మాటకు మూలము 1993లో ఆండర్స్ ఎరిక్సన్ మరి యిద్దరితో కలిసి ప్రకటించిన వ్యాసము. బెర్లినులోని వాయులీన విద్యార్థులలో ఉత్తములుగా ఎన్నికైనవారు ఇరువదియవ యేటికి సగటున పదివేల గంటలకు పైబడి సాధన చేసియుండిరని అందు తేలినది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ దానిని ఒక సూత్రముగా లోకమున వ్యాపింపజేసెను. ఎరిక్సన్ ఆ సూత్రమును అంగీకరింపలేదు. అది సగటు లెక్కయే గాని దాటినంతనే విద్య లభించు గడప కాదు. ఆ ఉత్తములలోనే సగముమంది ఆ వయస్సునకు అంత సాధన చేసియుండలేదు. పైగా ఆయన లెక్కించినవి ఊరక వాయించిన గంటలు కావు. లోపమును గుర్తించి, దానిని దిద్దుకొనుటకై మనస్సు నిలిపి చేసిన సాధన గంటలు. లోకమునకు అంకె చేరినది; దానికి కట్టిన నియమము చేరలేదు.

ఇక, చేతి జ్ఞాపకమని పేరేగాని అది చేతి కండరములలో ఉండునది కాదు. 1953లో మూర్ఛవ్యాధికై మెదడునకు శస్త్రచికిత్స జరిగిన ఒక అమెరికా యువకుడు, అటుపై క్రొత్త విషయమేదియు జ్ఞాపకముంచుకొనలేని స్థితికి వచ్చెను. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు, అద్దములోని ప్రతిబింబమును మాత్రమే చూచుచు నక్షత్రపు బొమ్మను గీయుమని అతనికి పని పెట్టెను. మూడు దినములలో అతని చేయి తప్పులను తగ్గించుకొన్నది. అంతకు మున్ను ఆ పని చేసినట్లు మాత్రము అతడెరుగడు. విన్న మాట నిలుచు తావు వేరు, చేసిన పని నిలుచు తావు వేరు. వీడియోలు నూరు చూచి కోర్టున అడుగిడువారు గమనింపవలసిన సంగతి యిది.

అభ్యాసమునకు తుది కలదా? క్రాస్‌మన్ అను పరిశోధకుడు 1959లో చుట్టల కర్మాగారపు కార్మికుల పనితనమును పరిశీలించెను. తొలి దినములలో వేగము త్వరత్వరగా హెచ్చినది. పిమ్మట హెచ్చుదల మందగించినదే కాని, లక్షలకొలది చుట్టలు చేసి సంవత్సరములు గడచిన పిదపను పూర్తిగా ఆగలేదు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల బీడీలు చుట్టు స్త్రీలను ఎరిగినవారికి ఇది వింత గాదు. కూలి వేయి బీడీలకు ఇంత అని కట్టుదురు; కావున వ్రేళ్ల వేగమే వారికి అన్నము. చేట ఒడిలో ఉండును, మాట ప్రక్కవారితో నడచును, తునికాకు దానంతట అది చుట్టుకొన్నట్లుండును. ఇన్ని గంటలకు తన విద్య పూర్తియైనదని వారిలో ఎవరును చెప్పజాలరు.

అయితే చేయి మంచిని మాత్రమే దాచుకొనునది కాదు. తప్పును గూడ అంతే శ్రద్ధతో దాచుకొనును. క్రొత్తగా ఆడువాడు రాకెట్టును పెనపు కాడను పట్టినట్లు పట్టును. నెట్ దాపున దానితో ఆట బాగుగనే సాగును. వెనుక గీత వద్దకు పోయి కొట్టవలసి వచ్చినప్పుడు ముంజేయి తిరుగదు, దెబ్బలో బలముండదు. సంవత్సరము పాటు అట్లే ఆడినవానికి కొరవడినది అభ్యాసము కాదు. తప్పునందే అతనికి నిండైన అభ్యాసము కలిగినది. దానిని మాన్పించుటకు శిక్షకునకు పట్టు శ్రమ, ఏమియు రానివానికి నేర్పు శ్రమకంటె ఎక్కువ.

గంటలను కుప్పపోయుటలోను ప్రయోజనము తక్కువ. బ్రిటిషు తపాలాశాఖ ఉద్యోగులకు కీబోర్డు నేర్పినప్పటి ఫలితములను బాడ్లీ, లాంగ్‌మన్ అనువారు 1978లో ప్రకటించిరి. దినమునకు ఒక గంట నేర్చినవారు, నాలుగు గంటలు నేర్చినవారికంటె తక్కువ మొత్తపు గంటలలోనే ఆ పనితనమును సంపాదించిరి. అయినను తమ శిక్షణపై అందరికంటె అసంతృప్తి చెందినవారు వారే. ఏలయన వారికి దినములు ఎక్కువ పట్టినవి! బాగుగ నేర్చుచున్నవానికే తాను వెనుకబడితినని తోచుట అభ్యాసములోని చిత్రము. వారమంతయు రాకెట్టు ముట్టక ఆదివారమున నాలుగు గంటలు చెమటోడ్చువారికి తృప్తి కలుగవచ్చును. విద్య మాత్రము అంతగా కలుగదు. నేర్చిన కదలిక నిద్రలో కుదురుకొనునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. రాత్రి షిఫ్టు ముగించి కన్ను మూయక కోర్టునకు వచ్చువారు ఆ సంగతి తలపోయుట మేలు.

గచ్చిబౌలిలోనే దీనికి గొప్ప నిదర్శనము కలదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతయైన పుల్లెల గోపీచంద్, ఇల్లు తాకట్టు పెట్టి నిర్మించిన అకాడమీ 2008లో ఆరంభమైనది. అచట సాధన చేసిన సైనా నెహ్వాల్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోలో రజతమును గెలిచిరి. బాల్యమున సింధు శిక్షణకై దినమునకు 56 కిలోమీటర్లు ప్రయాణము చేసెడిదని పత్రికలు వ్రాసినవి. ఆ అంకెను తలిదండ్రులు మరువరు. మరచునది వేరొకటి. ఆ ప్రయాణపు చివర, కోర్టున నిలిచి, పాదము ఆలస్యమైనప్పుడెల్ల కనిపెట్టి దిద్దు గురువు కన్ను ఒకటి ఉండెను. రియోకు ముందు మూడు నెలలు ఆమె ఫోనును గురువు తనయొద్దనే ఉంచుకొనెను. ఆయన కాపాడినది ఆమె గంటలను మాత్రమే కాదు, ఆ గంటలలోని మనస్సును.

ఆ గోపీచందే 2025లో, ధనికులో, కుటుంబ వ్యాపారము కలవారో కానిచో పిల్లలను క్రీడారంగమున ప్రవేశపెట్టవద్దని తలిదండ్రులకు హితవు చెప్పెను. ఈ మాట కొందరికి కఠినముగా తోచినది. కాని పదివేల గంటల మాటకంటె ఇది సత్యమునకు సమీపము. గంటల అంకె తలిదండ్రుల చెవిలో ప్రామిసరీ నోటువలె వినబడుచున్నది: ఇన్ని గంటలు చెల్లించినచో ఇంత పతకము. అట్టి పత్రమును ఎవరును వ్రాసి ఇవ్వలేదు. ఆ గంటలు పిల్లల చదువునుండి, నిద్రనుండి తీసినవే. పతకమువరకు పోవువారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. తక్కినవారి చేతులు విద్యను దాచుకొనును; ఆ విద్యకు కూలి ఇచ్చువారుండరు. రుసుము పుచ్చుకొను ప్రతి శిక్షణాలయమును ఈ మాటను మొదటిదినముననే చెప్పుట ధర్మము. చదువును విడువక ఆడుటకు వీలు కల్పించుట పాఠశాలల ధర్మము.

మరి ఇంజనీరు ప్రశ్నకు సమాధానమేమి? దిద్దువారు ప్రక్కనున్నచో కొన్ని వారములకు చేయి త్రోవ పట్టును. కొన్ని మాసములకు తలపకయే కదలును. దిద్దుకొనుట మాత్రము ఆట ఉన్నంతకాలము ఉండును. ఎన్ని గంటలని అడుగుట మాని, నిన్న చేసిన తప్పు నేడు తగ్గినదా అని అడిగినచో శిక్షకుడు తడబడడు. చెరువులోని పిల్లవాడు గంటలు లెక్కింపలేదు. ప్రతిమారును వల ఎట్లు పడినదో చూచుకొన్నాడు.