ఠాణా గడప వద్ద ‘ఉడాన్’

పోలీసు కథ ఏదైనా సరే, దాని విలువ కట్టడానికి మేము వాడే కొలత ఒక్కటే. ఫిర్యాదు కాగితం చేతబట్టుకొని వచ్చిన బలహీనునికి ఆ కథలోని ఠాణాలో కూర్చోవడానికి చోటు దొరికిందా, అతని కాగితానికి నంబరు పడిందా అన్నదే ఆ కొలత. ముప్ఫై అయిదేళ్ళ కిందట దూరదర్శన్‌లో ప్రసారమైన ‘ఉడాన్’ ధారావాహికను ఇటీవల డిస్కుల్లో మొదటి నుంచి చివరి వరకు తిరిగి చూశాము. ఈ కొలతకు నిలిచిన పోలీసు కథలు మన దేశంలో ఎంత తక్కువో అప్పుడు బోధపడింది. మన ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా ఆడపిల్లలున్న కుటుంబాలు, ఈ పాత సీరియల్‌ను ఇప్పుడు ఎందుకు చూడాలో, చూసి ఏమి చేయాలో చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం.

కొత్త తరానికి తెలియదు గనుక కొంత వివరం చెప్పవలసి ఉంది. ‘ఉడాన్’ 1989లో మొదలై 1991 వరకు సాగింది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో శిక్షణ పొందిన కవితా చౌదరి దానిని తానే రాసి, తానే దర్శకత్వం వహించి, కల్యాణీ సింగ్ అనే ఐపీఎస్ అధికారిణి పాత్రను తానే ధరించారు. సర్ఫ్ ప్రకటనలో ‘లలితాజీ’గా దేశమంతా ఎరిగిన ముఖం అదే. తండ్రి పాత్రలో విక్రమ్ గోఖలే, జిల్లా అధికారి పాత్రలో శేఖర్ కపూర్ నటించారు. కథ కల్పితమే అయినా దాని వేళ్ళు కవిత సొంత ఇంట్లోనే ఉన్నాయి. ఆమె అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య 1973 బ్యాచ్ ఐపీఎస్ అధికారిణి, కిరణ్ బేడీ తర్వాత ఆ సర్వీసులో చేరిన రెండవ మహిళ. 2004లో ఉత్తరాఖండ్ పోలీసు డైరెక్టర్ జనరల్‌గా నియమితులై, దేశంలో ఆ పదవిని చేపట్టిన తొలి మహిళగా చరిత్రకెక్కారు. తన తండ్రిపై దాడి జరిగినప్పుడు పోలీసులు కేసు నమోదు చేయడానికి ముందుకు రాలేదని, తాను పోలీసు శాఖలో చేరడానికి ఆ సంఘటనే కారణమని ఆమె చెప్పుకున్నారు. కాంచన్ 2019లో, కవిత 2024 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళిపోయారు గాని వారి ఇంట రాజుకున్న ప్రశ్న ఇంకా బతికే ఉంది.

నంబరు పడని కాగితం

మేము ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. తపాలా రిజిస్టరులో ఎక్కని అర్జీ అర్జీయే కాదని ఆ కుర్చీ మాకు నేర్పింది. నంబరు పడితే దానికి జవాబు చెప్పవలసిన వాడొకడు ఏర్పడతాడు. నంబరు పడకుంటే అర్జీదారు గొంతు గాలిలో కలిసిపోతుంది. అందుకే ‘ఉడాన్’లో మమ్మల్ని నిలవేసినవి కల్యాణి యూనిఫాం తొడుక్కున్న ఘట్టాలు కావు. అంతకు ముందు, న్యాయం కోసం తిరిగే ఒక సామాన్య కుటుంబం అధికారుల బల్లల ముందు ఎలా నిలబడిందో చూపిన భాగాలు. 1989లో ఆదివారాలు, సెలవులు, కరెంటు కోతల నడుమ చూసినప్పుడు ఆ భాగాలు నెమ్మదిగా నడుస్తున్నట్లు తోచాయి. డిస్కులో ఆపి, వెనక్కి తిప్పి చూస్తుంటే, ఆ నెమ్మదిలోనే అసలు కథ ఉన్నదని తెలిసింది. అవమానం ఎప్పుడూ పెద్ద శబ్దంతో రాదు. ‘రేపు రండి’ అన్న రెండు మాటల్లో వస్తుంది.

అదే 1989లో మన తెలుగునాట కోడి రామకృష్ణ దర్శకత్వంలో రాజశేఖర్ కథానాయకుడుగా ‘అంకుశం’ విడుదలై ఘన విజయం సాధించింది. అందులోని పోలీసు నిజాయితీపరుడే, మేమూ చప్పట్లు కొట్టిన వాళ్ళమే. అయితే తర్వాతి రోజుల్లో ఆ దారిన వచ్చిన వందలాది చిత్రాల్లో నిజాయితీ పక్కకు జరిగి దెబ్బ ఒక్కటే మిగిలింది. ఖాకీ కథానాయకుడు కోర్టును, సాక్ష్యాన్ని, చట్టాన్ని అడ్డంకులుగా భావించి తోసేస్తుంటే హాలులో ఈలలు మోగడం అలవాటైంది. ఇక ముస్లిం పాత్ర వస్తే రెండే వేషాలు. ఒకటి అనుమానితుడు, రెండు తన దేశభక్తిని రుజువు చేసుకుంటూ ప్రాణమిచ్చే మంచివాడు. ఫిర్యాదుదారుగా ఠాణాకు వచ్చి రసీదు అడిగే మామూలు ముస్లిం పౌరుడు ఆ తెరపై దాదాపు కనబడడు.

తెర మీది అలవాటు తెర మీదే ఆగిపోతే ఇంత బాధపడవలసింది లేదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు అక్కడికి చేరిన జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ యువతికి జరిగిన ఘోరం ఎవరి గుండెనైనా పిండేదే. కాని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, ఆ నలుగురిని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. చనిపోయిన వారిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022లో ఆ నివేదిక వెలుగులోకి వచ్చేసరికి పూలు ఎప్పుడో వాడిపోయాయి. విచారణ లేని శిక్షకు చప్పట్లు కొట్టే సమాజంలో మొదట నష్టపోయేది పేదలు, మైనారిటీలు, అడిగే దిక్కులేని వారు అన్న సంగతి మన సముదాయానికి ఒకరు చెప్పనక్కరలేదు.

మన నగరపు జ్ఞాపకం

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలుడు, ఆ వెంటనే వెలుపల పోలీసు కాల్పులు. ఆ తర్వాతి నెలల్లో పాతబస్తీ నుంచి, ఇతర బస్తీల నుంచి మన యువకులను పట్టుకుపోయారు. నాటి రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ విచారణ జరిపి, నిర్బంధంలో వారిని హింసించిన తీరును నమోదు చేశారు. కోర్టులు వారిని నిర్దోషులని విడిచిపెట్టాయి. అలా నష్టపోయిన 70 మందికి ప్రభుత్వం పరిహారం ప్రకటించి చెల్లించింది గాని, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తర్వాత మరొక వర్గం వారిపై సాగిన కేసు కూడా 2018 ఏప్రిల్ 16న అందరి విడుదలతో ముగిసింది. మసీదులో ప్రాణాలు పోగొట్టుకున్న వారికి నేరస్థుడెవరో ఈనాటికీ కోర్టు తీర్పు రూపంలో తెలియలేదు. తప్పుగా పట్టుకోవడం వల్ల రెండు అన్యాయాలు జరిగాయి. అమాయకులు నలిగిపోయారు, అసలు దోషి మిగిలిపోయాడు.

ఇది పాత మాట అని కొందరంటారు. 2023 ఫిబ్రవరిలో మెదక్‌కు చెందిన ఒక ముస్లిం దినసరి కూలీ గాంధీ ఆసుపత్రిలో మరణించాడు. గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన వ్యక్తిని పోలి ఉన్నాడన్న అనుమానంతో అతన్ని పట్టుకుపోయారు. ఠాణాలో తనను కొట్టారని అతడు చెప్పిన మాటలు వీడియోలో మిగిలాయి. తెలంగాణ హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది.

ఈ జ్ఞాపకాల ఫలితం మా పీర్జాదిగూడ, ఉప్పల్, నాచారం ప్రాంతాల ఇళ్ళలో ప్రతి రోజూ కనబడుతుంది. ఫోను పోయినా, భర్త కొట్టినా, ఇంటి యజమాని అడ్వాన్సు ఎగవేసినా ‘ఠాణాకు మాత్రం వద్దు’ అన్నదే మొదటి మాట. సంఘసేవలో భాగంగా ఒక తల్లికి తోడుగా నగరంలోని ఒక ఠాణాకు మూడుసార్లు వెళ్ళాము. మూడుసార్లూ ‘రేపు రండి’ అన్నారు. నాలుగవసారి ఆమె రానని చెప్పింది. ఫిర్యాదు అక్కడే చచ్చిపోయింది. రికార్డుల లెక్కలో ఆమెకు ఏ అన్యాయమూ జరగనట్లే!

ఒక బాలిక అడిగిన ప్రశ్న

డిస్కులు మా చేతికి వచ్చిన తర్వాత బస్తీలోని పిల్లలను పోగుచేసి, ఆదివారాల్లో కొన్ని భాగాలు చూపించాము. పదవ తరగతి చదువుతున్న ఒక బాలిక ఇలా అడిగింది: “దాదా, వాళ్ళ అబ్బా కేసు రాసుకోలేదు కదా! మరి ఆమె పోయి పోయి ఆ పోలీసుల్లోనే ఎందుకు చేరింది?” ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేదు. పిల్లలనే ఆలోచించమన్నాము. ఒక అబ్బాయి, ఆ కుర్చీలో కూర్చుంటే కేసు రాసుకోవచ్చు గదా అన్నాడు. ‘ఉడాన్’ సారాంశమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

దీనికి రెండు ఆక్షేపణలు వినవస్తున్నాయి. మొదటిది, మనవాడు కుర్చీ ఎక్కినా వ్యవస్థ మారదు, అతడే మారిపోతాడు అని. ఈ మాటలో నిజం లేకపోలేదు. ‘ఉడాన్’కు కూడా హద్దులున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో పనిచేసిన అధికారిణి జీవితం దానికి ప్రేరణ. అదే ఉత్తరప్రదేశ్‌లో, సీరియల్‌కు రెండేళ్ళ ముందు, 1987 మే 22న మేరఠ్‌లోని హాషింపురా మొహల్లా నుంచి ముస్లిం పురుషులను పీఏసీ జవాన్లు లారీలో తీసుకుపోయి కాల్చిచంపారు. పదహారు మందికి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించేసరికి 2018 వచ్చింది. ‘ఉడాన్’ ఆ కథ చెప్పదు, అది ఒక కుటుంబపు పోరాటం. ఒక్క నిజాయితీపరురాలి ధైర్యంతో ఠాణాలన్నీ బాగుపడతాయని నమ్మితే పొరబడతాము. అయితే లోపల మనవాళ్ళు లేని చోట మన మాటకు సాక్షి కూడా ఉండడు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం ఉండగా ఐపీఎస్‌లో 4 శాతమే. ఈ లోటు ఎవరో దానంగా పూడ్చేది కాదు.

రెండవ ఆక్షేపణ ఇళ్ళలోనిది. ఆడపిల్లకు పోలీసు ఉద్యోగమేమిటి అంటారు. మేము ఎదురడిగేదొకటే. భర్త చేత దెబ్బలు తిన్న మన బిడ్డ అర్ధరాత్రి ఠాణాకు పోయినప్పుడు, ఎదురుగా తన భాష తెలిసిన స్త్రీ ఉండాలని కోరుకుంటారా, వద్దా? తెలంగాణలో సివిల్ పోలీసు నియామకాల్లో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది. బీసీ-ఈ కింద మన వెనుకబడిన వర్గాలకు 4 శాతం కోటా ఉంది. మైనారిటీ గురుకులాల్లో వేలాది మన బాలికలు చదువుతున్నారు. పోటీ పరీక్షలకు మైనారిటీస్ స్టడీ సర్కిల్ ఉంది. ఐపీఎస్ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ పోలీసు అకాడమీ 1975లో మౌంట్ అబూ నుంచి మన హైదరాబాదుకే వచ్చింది. శివరాంపల్లిలోని ఆ గేటు ముందుగా బస్సులో వెళ్ళే మన పిల్లల్లో, అది తమకు కూడా చెందిన చోటని ఎందరికి తెలుసు?

కాగితం అడగండి

కుర్చీ దక్కడానికి ఏళ్ళు పడుతుంది. కాగితం అడగడానికి ఈ రోజు చాలు. 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పోలీసులు విచారించదగిన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరవలసిందేనని తీర్పు చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, మనం వెళ్ళిన ఠాణాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందడం మన హక్కు. నిరాకరిస్తే ఫిర్యాదును తపాలా ద్వారా పోలీసు ఉన్నతాధికారికి పంపవచ్చు, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివారికి తెలియజేయాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మహిళలకు, నిర్బంధంలో ఉన్న వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది లభిస్తాడు.

ఇవన్నీ ఒక పుటలో అచ్చువేసి ప్రతి మసీదు నోటీసు బోర్డుపై అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు, అందులో ఒకరు స్త్రీ, ఫిర్యాదు రాసిపెట్టడానికి, ఠాణాకు తోడు వెళ్ళడానికి, తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచడానికి సిద్ధపడితే చాలు. మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి బస్తీలో ఉన్నారు. జీవితమంతా నంబర్లు వేసిన చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. వాటికి పని చెప్పండి. ‘రేపు రండి’ అన్న మాటకు ‘ఈ రోజు వచ్చినట్లు ఒక రసీదు ఇప్పించండి’ అని మర్యాదగా, గట్టిగా బదులు చెప్పే అలవాటు మన ఇళ్ళలో రావాలి.

‘ఉడాన్’ చూసే వీలున్నవారు పిల్లలతో కలిసి కూర్చొని చూడండి. కల్యాణి యూనిఫాం వేసుకున్న భాగాలకు ముందు, ఆమె తండ్రి కష్టాలు చూపే భాగాల వద్ద కాసేపు ఆపి, మన బస్తీలో ఆ స్థితిలో ఉన్నవారెవరో పిల్లలను అడగండి. వారు చెప్పే పేర్లు రాసుకోండి. మరునాడు ఉదయం ఆ ఇళ్ళకు వెళ్ళి, నంబరు పడకుండా ఆగిపోయిన కాగితం ఏదో కనుక్కోండి.