గుజరాత్‌కు గొట్టం... సీమకు మొండిచెయ్యి!

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ దొరలు ఉరి తీశారు. తలను కోటకు వేలాడదీసి ముప్ఫై ఏళ్లు అట్లే ఉంచారు. అడిగినోనికి ఇదే గతి అని జనానికి చెప్పడానికి! ఇప్పుడు ఉరికొయ్యల్లేవు. ఫైళ్లున్నాయి, టెండర్లున్నాయి, నియంత్రణ బోర్డులున్నాయి. అడిగినోని నోరు మూయించే పని మాత్రం మారలేదు.

అదే కోయిలకుంట్ల గడ్డ మీద నిలబడి మేం అడుగుతున్నాం: కృష్ణా-గోదావరి గ్యాస్‌లో సీమ వాటా ఏది?

2009 ఏప్రిల్‌లో డీ6 బ్లాకులో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. దాన్ని మోసుకుపోవడానికి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం సిద్ధంగా ఉంది. ఇప్పటి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర దాటి పోయిన ఆ గొట్టం సీమ నాలుగు జిల్లాల్లో ఒక్కదాని గడప తొక్కలేదు. అదే కోయిలకుంట్ల మీదుగా పోయే నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం 123 కిలోమీటర్లు. 1996-97లో మంజూరైతే 2016లో గానీ రైలు కూత వినపడలేదు. పెట్టుబడికి ఒక వేగం, సీమకు ఒక వేగం!

కాపలా కాయాల్సిన చట్టం ఏం చేసింది? పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు చట్టం 2006లో వచ్చింది. బోర్డు 2007లో ఏర్పడింది. గొట్టాలకు అనుమతి ఇచ్చే 16వ సెక్షన్ అమల్లోకి వచ్చింది మాత్రం 2010 జూలైలో. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్లు! గొట్టం కిరాయి అందరికీ సమానం చేస్తామంటూ 2023 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత టారిఫ్ తెచ్చారు. మంచిదే. గొట్టమే రాని ఊరికి కిరాయి పెరిగితే ఏం, తగ్గితే ఏం?

'గ్యాస్ సముద్రంలో పుట్టింది, మీకేం సంబంధం?' అని కొందరు మేధావులు అడుగుతారు. అయ్యా, భరూచ్‌కు ఏం సంబంధం? ఈ సంపదకు అసలు హక్కుదార్లు ప్రజలేనని 2010 మే 7న సుప్రీంకోర్టే చెప్పింది. ఆ ప్రజల్లో సీమ జనం లేరా? శ్రీశైలం కోసం మా పల్లెలు మునిగాయి. ఆ నీళ్లు, ఆ కరెంటు అందరివీ అన్నారు. మా దగ్గర ఉన్నది అందరిదీ, ఇంకోచోట ఉన్నది మాత్రం మాది కాదు. ఇదేం లెక్క?

కోస్తా పల్లెల మీద మాకు కోపం లేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గొట్టం పేలి 20 మందికి పైగా కాలిపోయారు. వాళ్లకు దక్కింది మంట. సముద్రపు గ్యాస్ మీద రాయల్టీ కేంద్రానికి పోతుంది. లాభం కంపెనీలకు పోతుంది. ఇటు కలమళ్ల థర్మల్ కేంద్రానికి బొగ్గు దూరం నుంచి రైళ్లలో రావాలి. పొగా బూడిదా మాత్రం మావి.

మన నాయకుల సంగతి చెప్పకపోతే తప్పు. 2009లో గ్యాస్ పారిన నాడు ముఖ్యమంత్రి సీమ బిడ్డే. అంతకు ముందున్నాయనా సీమ బిడ్డే. కుర్చీ సీమది, గొట్టం మాత్రం బయటోళ్లది! కడప ఉక్కుకు 2007, 2018, 2019, 2023లో శంకుస్థాపనలు చేశారు. రాళ్లు పెరిగాయి గానీ కొలిమి రాజుకోలేదు. గ్యాస్‌తో ఇనుము తీసే పద్ధతి ప్రపంచమంతా ఉంది. ఉక్కుకు ఇంత గ్యాస్ కేటాయించమని గట్టిగా అడిగిన నాయకుడు ఎవరు?

ఒక హెచ్చరిక కూడా. రేపు గొట్టం వస్తే 1962 నాటి చట్టం కింద వస్తుంది. భూమి రైతు పేరుమీదే ఉంటుంది, కానీ ఆ పట్టీలో బావి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు, ఇల్లు కట్టకూడదు. పంట నష్టం కాక, ఆ హక్కుకు ఇచ్చే పరిహారం మార్కెట్ విలువలో 10 శాతం! బోరు మీద బతికే సీమ రైతుకు ఇది చావుదెబ్బ. గొట్టం రావాలి. రైతు మెడ మీదుగా కాదు.

అందుకే మేం అడిగేది స్పష్టం. గ్యాస్ గ్రిడ్‌లో సీమ శాఖకు తేదీ ప్రకటించాలి. బోర్డు విచారణలు ఢిల్లీలో కాదు, నంద్యాలలో, కడపలో జరపాలి. 2018 తొమ్మిదో విడత వేలంలో అనంతపురం, కడప పొందిన కంపెనీ ఎన్ని ఇళ్లకు గ్యాస్ ఇస్తానని రాసిచ్చిందో, ఎన్నిటికి ఇచ్చిందో ఊరూరా ప్రకటించాలి. 1962 చట్టంలోని ఆ 10 శాతాన్ని మార్చాలి.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి మనకు మాటలే దక్కాయి. తీగ, కాలువ, గొట్టం ఎక్కడ పోవాలో గీత గీసే చెయ్యి మనది కానంత కాలం ఇంతే. ఆ చెయ్యి మనది కావడానికే ప్రత్యేక రాష్ట్రం. అడిగినోని తల వేలాడదీసిన ఊరు ఇది. అయినా అడగడం మానని ఊరు కూడా ఇదే!