మానని పుండు - మందు దారపు కట్టు

మధుమేహము పట్టణపు ధనికుల వ్యాధి యను నమ్మకము మనలో నింకను పోలేదు. భారత వైద్య పరిశోధన మండలివారి యధ్యయనము 2023లో ప్రకటించిన లెక్కలంబట్టి దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. పల్లెలు దీనికి వెలి కావు. ఖమ్మము బజారులోని వర్తకునకును, చర్ల, దుమ్ముగూడెము దారులలో వట్టికాళ్లతో నడచు కోయ రైతునకును ఈ వ్యాధి యొకటియే. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్ననాడు మాత్రము వారి గతులు వేరు.

రక్తమున చక్కెర హెచ్చి చిరకాలమున్నచో పాదముల నరములు చెడును. గాయమైనను నొప్పి తెలియదు. రక్తనాళములు పూడి, మ్రింగిన మందు పుండునకు చాలినంత చేరదు. సూక్ష్మజీవులు జిగురుపొరలో దాగి పెరుగును. చీము ఎముకకు దిగెనా, వ్రేలు, పిమ్మట పాదము, ఒక్కొక్కప్పుడు మోకాలివఱకును తీసివేయవలసి వచ్చును. కాలు పోయిన కూలివాని యింటి సంగతి వేరుగ వ్రాయ నక్కఱలేదు.

ఇట్టి పుండ్లకై పరిశోధనాలయములలో నొక క్రొత్త కట్టు సిద్ధమగుచున్నది. జెలాటిన్, కైటోసాన్, పట్టునూలిలోని మాంసకృత్తు వంటి, శరీరమున తమంతట కరగిపోవు పదార్థములను ద్రావణము చేసి, మందు కలిపి, సూదిమొననుండి వేలకొలది వోల్టుల విద్యుత్తుతో లాగుదురు. వెండ్రుకకంటె నూరింతలు సన్నని దారములు పొరగా నేర్పడును. ఇవియే నానో దారములు. ఈ విధానమునకు ఆంటన్ ఫార్మాల్స్ 1934లోనే అమెరికాలో పేటెంటు పొందెను. ఈ పొర గాలిని పోనిచ్చును, రసిని పీల్చును, మందును దినములతరబడి కొంచెము కొంచెముగా విడుచును. తుదకు కరగిపోవును గనుక, కట్టు విప్పునపుడు లేతమాంసము చినుగు బాధ తక్కువ.

ఇది మనవారి కందని విద్య కాదు. హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు జెలాటిన్ నానో దారములలో ఆంఫోటెరిసిన్-బి మందు నిమిడ్చి, 2021లో నోటిమాత్రగా ప్రకటించిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన నడపిన లెడర్లీ సంస్థ 1948లో లోకమున కిచ్చిన ఆరియోమైసిన్ సంతతి మందులను గూడ నిట్టి దారములలో నింపి పరీక్షించియున్నారు.

పట్టణవాసి దినము విడిచి దినము ఆసుపత్రికి పోయి కట్టు మార్పించుకొనగలడు. అడవియంచువానికి ప్రతిసారియు ఒకనాటి కూలియు బస్సు ఖర్చును పోవును. వాగులు పొంగిన దినములలో ఆ దారియు నుండదు. కొన్నాళ్లు కదపక యుంచదగు కట్టు ముందుగా నితనికే కావలెను. పేరు సన్నమై ధర లావైన వస్తువులను మనము పెక్కు చూచితిమి. ఇదియు ఆ వరుసలో చేరరాదు.

అయినను తొందర తగదు. ఈ దారములపై జరిగిన పరీక్షలు చాలవఱకు ఎలుకలపైనే. సూక్ష్మజీవి నాశక మందులుగల కట్లను పుండు మానుటకై వాడవలదని మధుమేహ పాద వైద్యుల అంతర్జాతీయ కార్యవర్గము 2023లో సలహా యిచ్చియున్నది. చచ్చిన మాంసము తీయుట, పాదముపై బరువు పడనీయకుండుట, రక్తప్రసారమును చూచుట, చక్కెర నదుపు చేయుట - ఇవి లేక ఏ కట్టును పనిచేయదు. కావున మనుష్యులపై పరీక్షలు జరుపునాడు, భద్రాచలము వంటి చోటుల రోగులను, వారి భాషలో తెలియజెప్పి, సమ్మతి గొని చేర్చుకొనవలెను.

అంతవఱకు ప్రభుత్వమువారిని మేము కోరున దొక్కటి. చక్కెర మాత్రలిచ్చు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును రోగి చెప్పులు విప్పించి అరికాళ్లు చూడవలెను. స్పర్శ తెలియునో లేదో పరీక్షించు నైలాను పోగు నొకదానిని అచ్చట నుంచవలెను. అది స్వల్పవ్యయముతో నగుపని; వానకాలమునకు ముందే చేయవచ్చును.