విదేశీ ట్రిప్పుల్లో విషాదాలు: అంతా సెల్ఫీ పిచ్చేనా.. అసలు కారణం వేరే ఉందా?

లాంగ్ వీకెండ్ వస్తే చాలు.. అమెరికాలో ఉండే తెలుగు జంటలు కారు తీసి బయల్దేరిపోతాయి. నేషనల్ పార్క్, సరస్సు, జలపాతం, కొండ మీద ట్రెక్కింగ్.. ఏదో ఒకటి. ఆ ఫొటోలు చూసి ఇక్కడ అమ్మానాన్నలు మురిసిపోతారు. కానీ అప్పుడప్పుడు ఫొటోల బదులు ఫోన్ కాల్ వస్తోంది. అది కూడా అర్ధరాత్రి. ప్రమాదం జరిగిన ప్రతిసారీ వార్త కింద వచ్చే కామెంట్ మాత్రం ఒక్కటే.. 'సెల్ఫీ పిచ్చి'. నిజంగా అంతేనా? జరిగిన ఘటనలను దగ్గరగా చూస్తే కథ వేరేలా కనిపిస్తోంది.

అరిజోనా సరస్సులో ఏం జరిగిందంటే..

2022 డిసెంబర్ 26. క్రిస్మస్ సెలవులు. అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉండే కొన్ని భారతీయ కుటుంబాలు పిల్లలతో కలిసి వుడ్స్ కాన్యన్ లేక్‌కు వెళ్లాయి. సరస్సు గడ్డకట్టి ఉంది. దాని మీద నడుస్తుండగా మంచు పగిలి ముగ్గురు నీళ్లలో పడిపోయారు. వారిలో గుంటూరు జిల్లాకు చెందిన భార్యాభర్తలు ఉన్నారు. భార్యను కొద్దిసేపటికే బయటకు తీసినా ప్రాణాలు దక్కలేదు. ఆమె భర్త, మరో వ్యక్తి మృతదేహాలు మర్నాడు దొరికాయి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చాండ్లర్ ఫీనిక్స్ పక్కనే ఉన్న ఎడారి ప్రాంతం. సముద్ర మట్టానికి సుమారు 1,200 అడుగుల ఎత్తు. అక్కడ మంచు పడడమే అరుదు. అదే వుడ్స్ కాన్యన్ లేక్ దాదాపు 7,500 అడుగుల ఎత్తులో ఉంది. అంటే కొన్ని గంటల డ్రైవ్‌లోనే వాతావరణం పూర్తిగా మారిపోతుంది. కారు దిగిన మనిషికి మాత్రం ఆ మార్పు పట్టుబడదు. ఎదురుగా తెల్లగా, గట్టిగా, నేలలా కనిపిస్తుంది. పైగా అరిజోనా లాంటి చోట పగలు ఎండ కాసి, రాత్రి చలి పెడుతుంది. మంచు కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ ఉంటుంది. ఒక్కో చోట ఒక్కో మందం. పై నుంచి చూస్తే తేడా తెలియదు.

మనకు మంచు అంటే లంబసింగి పొగమంచే

అసలు సమస్య ఇక్కడే ఉంది. తెలుగులో పొగమంచునూ, ఆకాశం నుంచి పడే హిమాన్నీ, గడ్డకట్టిన నీటినీ అన్నిటినీ 'మంచు' అనే అంటాం. ఎందుకంటే మనకు వాటితో పెద్దగా పని పడలేదు. ఊరి చెరువు గురించి అడగండి.. ఎక్కడ ఊబి ఉంది, ఎక్కడ లోతు, తూము దగ్గరికి ఎందుకు వెళ్లకూడదు అన్నీ పిల్లలకు కూడా తెలుసు. పెద్దవాళ్లు తిట్టి మరీ నేర్పుతారు. అదే విధంగా చలి దేశాల్లో పిల్లలకు ఐస్ గురించి నేర్పుతారు.

అక్కడి లెక్కలు చాలా స్పష్టంగా ఉంటాయి. వేలాది సరస్సులున్న మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పేదాని ప్రకారం.. మనిషి నడవాలంటే కొత్తగా ఏర్పడిన పారదర్శకమైన ఐస్ కనీసం 4 అంగుళాలు ఉండాలి. తెల్లగా కనిపించే ఐస్ అయితే బలం తక్కువ. దానికి రెట్టింపు మందం కావాలి. అయినా సరే, ఏ ఐస్ కూడా నూటికి నూరు శాతం సేఫ్ కాదని వాళ్లే అంటారు. గుంటూరులోనో, విశాఖలోనో పెరిగినవాళ్లకు ఈ లెక్క ఎవరు చెప్తారు?

ఈత వస్తే సరిపోతుందా?

సరిపోదు. గడ్డకట్టే చలి నీళ్లలో పడితే శరీరం మన మాట వినదు. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 సూత్రంగా చెప్తారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది. అప్పుడు కంగారు పడి నీళ్లు మింగితే ప్రమాదం. తర్వాతి 10 నిమిషాలే చేతులు, కాళ్లు పనిచేస్తాయి. ఆ లోపే బయటపడాలి. సుమారు 1 గంట తర్వాత శరీర ఉష్ణోగ్రత పడిపోయి స్పృహ తప్పుతుంది. ఎలా బయటపడాలి? వచ్చిన వైపే తిరగాలి. ఎందుకంటే అటువైపు ఐస్ అప్పటిదాకా మనల్ని మోసింది. కాళ్లు ఆడిస్తూ పొట్ట మీద పైకి జారాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు పరుగెత్తుకెళ్తే వాళ్లూ మునిగిపోతారు. తాడో, కర్రో విసిరి, వెంటనే 911కి ఫోన్ చేయాలి.

చలి నీళ్ల ప్రమాదం సరస్సులకే పరిమితం కాదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ట్రెక్కింగ్‌కు వెళ్లిన ఏపీ విద్యార్థులు ఇద్దరు నీళ్లలో పడి చనిపోయారు. అది రెండు నదులు కలిసే చోటు. రాళ్లు, ఉధృతమైన ప్రవాహం, పైన అందమైన అడవి. చూడ్డానికి పిక్నిక్ స్పాట్ లాగే ఉంటుంది.

అనుభవం ఉన్నా తప్పలేదు

మరి తెలిసినవాళ్లకు ప్రమాదాలు జరగవా? జరుగుతాయి. 2018 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్క్‌లో కేరళకు చెందిన జంట టాఫ్ట్ పాయింట్ నుంచి దాదాపు 800 అడుగుల లోతులో పడి చనిపోయింది. ప్రయాణాలంటే ప్రాణం పెట్టే జంట అది. వాళ్లు పడిపోతుండగా చూసినవాళ్లు లేరు. అంచు దగ్గర వదిలేసి ఉన్న కెమెరా ట్రైపాడ్ చూసి తోటి పర్యాటకులు రేంజర్లకు చెప్పారు. బాధాకరమైన విషయం ఏంటంటే.. కొండ అంచుల్లో గాలి విసురుకు ప్రాణం పోవచ్చని, ఫొటో కోసం అంత దూరం వెళ్లాలా అని ఆ భార్యే అంతకుముందు సోషల్ మీడియాలో హెచ్చరించారు. అంటే తెలియడం వేరు, ఆ క్షణంలో గుర్తుండడం వేరు. అక్కడ చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు. ప్రకృతిని ఉన్నదున్నట్టు వదిలేయడం అమెరికా పార్కుల పద్ధతి. రెయిలింగ్ లేదంటే సేఫ్ అని కాదు.. బాధ్యత మనదే అని అర్థం.

తిరుమల మెట్లకు రివర్స్

గ్రాండ్ కాన్యన్ విషయంలో మనవాళ్లు మోసపోయేది ఇంకో రకంగా. అలిపిరి నుంచి తిరుమల ఎక్కినవాళ్లకు ఒక లెక్క అలవాటు.. ముందు కష్టం, తర్వాత సుఖం. అలసిపోతే వెనక్కి దిగొచ్చు. గ్రాండ్ కాన్యన్‌లో ఇది తిరగబడుతుంది. ముందు దిగుడు. హాయిగా దిగిపోతాం. అలసట తెలిసేసరికి ఎక్కాల్సింది మొత్తం మిగిలే ఉంటుంది. సౌత్ రిమ్ నుంచి నది వరకు బ్రైట్ ఏంజెల్ దారిలో సుమారు 4,400 అడుగుల దిగుడు. కింద ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటుతుంది. పైన మాత్రం చల్లగా ఉంటుంది. అందుకే ఒక్కరోజులో నది దాకా దిగి మళ్లీ పైకి రావద్దని, ఎండాకాలంలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు ఎక్కే ప్రయత్నం చేయొద్దని పార్క్ అధికారులు చెప్తారు. ఎండ మాకు అలవాటే అనుకునే మనవాళ్లకు ఇదే పెద్ద హెచ్చరిక.

ప్రమాదం తర్వాత ఇంకో నరకం

కుటుంబానికి అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పోస్ట్‌మార్టం, డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్, పాస్‌పోర్ట్ రద్దు, ఇండియన్ కాన్సులేట్ అనుమతి.. ఇవన్నీ అయితేనే మృతదేహం విమానం ఎక్కుతుంది. ఖర్చు భారీగా ఉంటుంది. చాలా సందర్భాల్లో స్నేహితులు, తెలుగు సంఘాలు చందాలు వేసుకుంటున్నాయి. అవసరమైన వాళ్లకు భారత రాయబార కార్యాలయాల్లోని ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం అందే అవకాశం ఉంది. ఏపీ వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా తోడ్పడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. మృతదేహం స్వదేశానికి తరలించే ఖర్చు అందులో ఉందా? సాహస క్రీడలను మినహాయించారా?

మరేం చేయాలి?

ఇంట్లో కూర్చోమని ఎవరూ అనరు. వెళ్లే ముందు పార్క్ వెబ్‌సైట్‌లో ఆ రోజు హెచ్చరికలు చదవాలి. రేంజర్‌తో రెండు నిమిషాలు మాట్లాడాలి. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పి వెళ్లాలి. ఇద్దరిలో ఒకరు వద్దంటే రెండోవాళ్లు ఆగిపోవాలి.. ఈ ఒక్క నియమం జంటగా వెళ్లేవాళ్లకు పెద్ద రక్ష.

చనిపోయినవాళ్లను తిట్టడం తేలిక. కానీ ఊరి చెరువులో ఊబి ఎక్కడుందో మనకు ఎవరో ఒకరు చెప్పారు కాబట్టే మనం బతికున్నాం. అమెరికా సరస్సు గురించి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాల్సింది కూడా అక్కడ ముందు నుంచి ఉంటున్నవాళ్లే. ఉగాది, బతుకమ్మ వేడుకలు ఘనంగా చేసే తెలుగు సంఘాలు చలికాలం మొదలయ్యే ముందు దీని మీద ఒక గంట మాట్లాడితే.. కొన్ని ఇళ్లకు ఆ అర్ధరాత్రి ఫోన్ రాకుండా ఆగొచ్చు.