నాటిన మొక్కయు, నిలిచిన చెట్టును

ప్రతి వర్షాకాలమునందును మన పాఠశాలలలో మొక్కలు నాటు వేడుక జరుగుచుండును. గుంతలు త్రవ్వుదురు, పెద్దలు విచ్చేయుదురు, ఉపన్యాసములు నడచును, ఛాయాచిత్రములు తీయుదురు. ఇది మంచి యాచారమే. కాని ఆ సంవత్సరముననే ప్రహరీగోడకో, సైకిళ్ల పాకకో అడ్డము వచ్చినదని ముప్పదేండ్ల వేపచెట్టును కొట్టివేసినచో, "పోనిండు, దానికి బదులు పది మొక్కలు నాటితిమి గదా" యని సమాధానపడువారు పెక్కండ్రు. ఈ లెక్క సరియైనది కాదని మా యభిప్రాయము. ఇందులకు నిదర్శనముగా జాఫ్రీ డోనోవన్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనలను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

డోనోవన్ గారు వైద్యులు కారు. అటవీ అర్థశాస్త్రము నభ్యసించినవారు. అమెరికా సంయుక్త రాష్ట్రముల అటవీశాఖవారి పరిశోధన విభాగమున పనిచేయుచు, పట్టణములలోని చెట్లకును మనుష్యుల యారోగ్యమునకును గల సంబంధమును విచారించిరి. ఈ విచారణలో నొక చిక్కు కలదు. చెట్లు దట్టముగా నుండు పేటలలో సాధారణముగా ధనవంతులు నివసింతురు. వారికి మంచి యాహారమును, మంచి వైద్యమును లభించును. అట్టి పేటలో మరణములు తక్కువగా నున్నచో, అది చెట్ల వలని మేలా, ధనము వలని మేలా?

ఈ చిక్కును విడదీయుటకు వారికొక పురుగు తోడ్పడెను. ఆసియా ఖండమునుండి వచ్చిన పచ్చని పెంకుపురుగొకటి 2002 సంవత్సరమున మిషిగన్ రాష్ట్రములోని డెట్రాయిట్ నగర ప్రాంతమున కనబడెను. దాని పిల్లపురుగులు 'ఆష్' అను జాతి చెట్ల బెరడు క్రింద సొరంగములు చేసి, రసము ప్రవహించు మార్గములను తెగగొట్టును. కొలది యేండ్లలో చెట్టు మోడగును. ఇట్లు కోట్లకొలది చెట్లు నశించెను. పురుగునకు ధనికుల వీధి, పేదల వీధి యను భేదము లేదు గదా! డోనోవన్ గారును వారి సహచరులును 15 రాష్ట్రములలో 1990 మొదలు 2007 వరకు సంభవించిన మరణముల లెక్కలను పరిశీలించి, 2013లో ఫలితమును ప్రకటించిరి. పురుగు సోకిన ప్రాంతములలో శ్వాసకోశ వ్యాధులచేత సుమారు 6,000 మరణములును, గుండె, రక్తనాళముల వ్యాధులచేత సుమారు 15,000 మరణములును అధికముగా కనబడెను.

ఇట్టి లెక్కలు సంబంధమును చూపునే గాని కారణమును నిశ్చయముగా స్థాపింపజాలవని కొందరనవచ్చును. ఆ మాట న్యాయమే. అయినను చెట్టు నీడ వేసవి తాపమును తగ్గించుననియు, ఆకులు గాలిలోని ధూళిని కొంత పట్టుననియు మనమెరుగుదుము. అదియుగాక, చెట్లు పోయినచో నేమగునని విచారించిన యీ శాస్త్రజ్ఞుడే, చెట్లు నాటినచో నేమగునని పిమ్మట విచారించెను.

ఆరెగాన్ రాష్ట్రమున పోర్ట్‌లండ్ అను నగరము కలదు. అచట 'ఫ్రెండ్స్ ఆఫ్ ట్రీస్' అను సంఘమువారు 1990 మొదలు 2019 వరకు ముప్పదేండ్లలో 49,246 చెట్లను వీధులవెంట నాటిరి. అంతటితో నూరకుండక, ఏ చెట్టును ఏ చోట, ఏ సంవత్సరమున నాటిరో పద్దు వ్రాసి యుంచిరి. ఆ పద్దును మరణముల లెక్కలతో సరిచూచి, జనుల యాదాయము, విద్య, వయస్సు మున్నగు భేదములను గూడ గణించి, డోనోవన్ గారు 2022లో తమ ఫలితమును ప్రకటించిరి. నూరు చెట్లు నాటినచో సంవత్సరమునకు సుమారొక యకాల మరణము తగ్గినట్లు తేలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. 1 మొదలు 5 ఏండ్ల క్రిందట నాటిన చెట్ల వలన కనబడిన మేలుకంటె, 11 మొదలు 15 ఏండ్ల క్రిందట నాటిన వాని వలన కనబడిన మేలు రెండింతలు.

మేము చెప్పదలచిన దంతయు నీ యొక్క సంగతిలో నిమిడియున్నది. చెట్టు మేలు దాని వయస్సుతో పెరుగును. నేడు నాటిన మొక్క నేడే నీడ నీయజాలదు. ఎదిగిన చెట్టును కొట్టి పది మొక్కలు నాటినవారు చేతిలోని ధాన్యమును పారబోసి విత్తనములు చల్లినవారివలె నుందురు. ఆ విత్తనములు పండువరకు ఆకలికి తాళుట యెట్లు? నేటి పిల్లలు ఆ మొక్కలు చెట్లగునాటికి పాఠశాల విడిచి పోయియుందురు. నడుమ కాలపు టెండను భరించువారు వీరే.

మిషను పాఠశాలల యావరణములలో పెద్దలు నాటిన వేప, చింత, నిద్రగన్నేరు చెట్లు నేటికిని పలుచోట్ల నిలిచియున్నవి. నాటినవారిలో పెక్కండ్రు వాని నీడను తా మనుభవింపలేదు. వారు మనకొరకు నాటిరి. అట్టి యాస్తిని నిలుపుకొనుట మన విధి.

కాబట్టి మేమొక సూచన చేయుచున్నాము. ప్రతి పాఠశాలయందును చెట్ల పద్దు ఒకటి యుండవలెను. చెట్టు పేరు, చోటు, నాటిన సంవత్సరము, మొదటి చుట్టుకొలత అందు వ్రాయవలెను. క్రొత్తగా నాటిన ప్రతి మొక్కను ఒక తరగతివారి కప్పగించి, మూడు వేసవులు నీరు పోయించవలెను. ఎదిగిన చెట్టును తొలగింపవలసి వచ్చినచో, దాని వయస్సును పద్దులో చూచి, గోడనే కొంచెము ప్రక్కకు జరుపవచ్చునేమో ముందుగా నాలోచింపవలెను.

విద్యార్థులారా! రాబోవు వర్షాకాలమున మొక్కలు తప్పక నాటుడు. కాని దానికి ముందు ఒకనాడు తీరికచేసికొని, మన యావరణమున నిలిచియున్న చెట్లను లెక్కింపుడు.