ఐదో నెలలోనే గుండెను చూడాలి

కాన్పు మామూలుగానే అవుతుంది. బిడ్డ కెవ్వుమంటుంది, బరువూ సరిగ్గానే ఉంటుంది. మర్నాటికి పెదవులు నీలమవుతాయి. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారుగా పుట్టాయన్నమాట. పదివేల కాన్పుల్లో మూడు నాలుగింటికి మించని అరుదైన లోపమిది. కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ ధమనుల మధ్య ఉండే చిన్న నాళం పుట్టిన కొత్తలో బిడ్డను కాస్తుంది. కానీ అది మూసుకోవడం మొదలవుతుంది. మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్‌ మందు ఎక్కించి, రెండు మూడు వారాల్లోపు ఆపరేషన్‌తో ధమనులను సరిచేస్తే ఎక్కువమంది పిల్లలు బతుకుతారు. ఆ మందు, ఆ సర్జన్‌ ఉన్నచోట పుడితేనే సుమా.

మన దగ్గర ఆపరేషన్‌కు దిక్కులేదని అనలేం. హైదరాబాద్‌లో ఫిల్మ్‌నగర్‌ను ఆనుకుని జూబ్లీహిల్స్‌లో అపోలో 1988 నుంచి ఉంది. మహేశ్‌బాబు ఫౌండేషన్‌ అండతో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో వేలమంది పిల్లలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఉంది. తిరుపతిలో టీటీడీ 2021లో చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. ఇవన్నీ ఆస్పత్రి గడప దాకా ప్రాణాలతో చేరిన పిల్లలకే. ఆసిఫాబాద్‌ నుంచి హైదరాబాద్‌ దారిలో అంబులెన్సులోనే ఆగిపోయే గుండెకు ఏ దాతా అందడు.

పారిస్‌ వైద్యులు 1999లో ఇదే లోపంపై లెక్క తీశారు. పుట్టాక బయటపడిన 250 మందిలో 15 మంది ఆపరేషన్‌ దాకా రాకుండానే చనిపోయారు. కడుపులోనే తెలిసిన 68 మందిలో ఒక్కరూ పోలేదు. ఈ తేడా తెచ్చింది ఒక స్కాన్‌.

తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ఆస్పత్రులకు కడుపులో బిడ్డ అవయవాలను వివరంగా చూసే 56 టిఫా స్కాన్‌ యంత్రాలు ఇచ్చింది. మంచి పని. కానీ ఈ లోపంలో గుండె నాలుగు గదులూ చక్కగానే కనిపిస్తాయి. ప్రోబ్‌ను ఇంకాస్త పైకి జరిపి ధమనులు ఎలా బయలుదేరుతున్నాయో, ఎలా దాటుకుంటున్నాయో చూడాలి. ఆ చూపు యంత్రంతో పాటు రాదు, శిక్షణతో వస్తుంది. పైగా లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే స్కాన్‌ చేయాలి. బారులు తీరిన గర్భిణుల మధ్య ఆ డాక్టరుకు ఎన్ని నిమిషాలు మిగులుతాయి?

మేనరికం చేసుకున్నవాళ్లను, షుగర్‌ ఉన్న గర్భిణులను కడుపులో బిడ్డ గుండెను చూసే ఫీటల్‌ ఎకో పరీక్షకు పంపుతున్నారు, పంపాల్సిందే. అయితే గుండె లోపంతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది తల్లులకు అలాంటి చరిత్రే ఉండదు. అందుకే ప్రతి గర్భిణికీ ఈ చూపు దక్కాలి, అదీ 18–22 వారాల మధ్య. లోపం మరీ తీవ్రమైతే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ దంపతులు తేల్చుకోవాల్సిన మాట. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత 24 వారాలు దాటితే మెడికల్‌ బోర్డు ముందుకు వెళ్లాలి. ఏడో నెలలో తెలిస్తే వాళ్లకు ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు.

ఫిల్మ్‌నగర్‌ సినీ పెద్దలను ఒకటి అడగాలనిపిస్తుంది. ఆపరేషన్లకు ఇస్తున్న విరాళంలో కొంత జిల్లా ఆస్పత్రుల స్కాన్‌ డాక్టర్ల శిక్షణకు ఇవ్వండి. మీ గొంతు పల్లెపల్లెకూ చేరుతుంది. ‘గుండె నుంచి వచ్చే రెండు ధమనులూ చూశారా డాక్టరుగారూ’ అని ప్రతి తల్లీ స్కాన్‌ గదిలో అడిగేలా ఆ గొంతుతోనే చెప్పండి.